ఊపిరితిత్తి కొలాప్స్ అయ్యాక విమాన ప్రయాణం: రోజుల లెక్క ఎక్స్‌రే తేదీ నుంచి

విశాఖపట్నంలో ఛాతీ జబ్బుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ట్యూబ్ తీసేసి, డిశ్చార్జ్ కాగితాలు చేతికి అందిస్తుంటే చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "సిస్టర్, ఫ్లైట్ ఎప్పుడు ఎక్కొచ్చు?" మన ఊరు అలాంటిది మరి. ఇంటికొకరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తుంటారు. మర్చంట్ నేవీ కుర్రాళ్లయితే ఓడ ఏ రేవులో ఉంటే అక్కడికి వెళ్లి ఎక్కాలి. గల్ఫ్‌లో పనిచేసేవాళ్లకి వీసా గడువు టెన్షన్.

ఈ మధ్య మా తమ్ముడి కొడుక్కే ఈ సమస్య వచ్చింది. పాతికేళ్ల లోపు కుర్రాడు, పొడుగ్గా సన్నగా ఉంటాడు, సిగరెట్ అలవాటుంది. ఒకరోజు ఉన్నట్టుండి కుడి పక్క ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఆయాసం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి ముడుచుకుపోయి కనిపించింది. ఊపిరితిత్తికి కన్నం పడి, దానికీ ఛాతీ గోడకీ మధ్య గాలి చేరితే ఇలా అవుతుంది, దీన్నే న్యుమోథొరాక్స్ అంటారు. ఆ గాలి బయటికి పోవడానికి ఛాతీలో ట్యూబ్ వేశారు. ట్యూబ్ చివరున్న నీళ్ల బాటిల్‌లో బుడగలు ఎన్ని రోజులకీ ఆగకపోవడంతో, అంటే గాలి ఇంకా లీకవుతూనే ఉండటంతో, కీహోల్ ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చిన వారంలోనే కంపెనీ నుంచి ఫోన్. "బెంగళూరు ఎంత దూరం అత్తా, గంటన్నరే కదా, ఎక్కేస్తాను" అన్నాడు. వాణ్ని కూర్చోబెట్టి చెప్పిన సంగతులే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ కేసు గురించి చివరి మాట మీ సర్జన్‌దో, మీ ఛాతీ డాక్టర్‌దో. అయితే ఆయన్ని ఏం అడగాలో, ఏ కాగితం తీసుకోవాలో మీకు ముందే తెలిసి ఉంటే ఆ ఐదు నిమిషాల కన్సల్టేషన్ వృథా పోదు.

ముందుగా గంటన్నర మాట. ప్రయాణం చిన్నదైతే ప్రమాదం తక్కువనుకోవడం సరికాదు. జెట్ విమానం లేచిన 20, 30 నిమిషాల్లోనే పైకి చేరిపోతుంది, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి కూడా ఆ సమయంలోనే తగ్గుతుంది. బెంగళూరుకి వెళ్లినా దుబాయ్‌కి వెళ్లినా ఈ తగ్గుదల ఇంచుమించు ఒకటే.

పైన ఏం జరుగుతుందో

విమానం 30 వేల నుంచి 40 వేల అడుగుల ఎత్తున ఎగురుతుంది. లోపల మనం కూర్చున్న చోట మాత్రం గాలిని ఒత్తిడి చేసి నింపుతారు. అయినా అది నేల మీద ఉన్నంత ఉండదు. మామూలు విమానాల్లో క్యాబిన్ ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంతకి తగ్గవచ్చు, అంతకన్నా తగ్గకూడదని నిబంధన. ఊటీ ఎత్తు సుమారు 7,350 అడుగులు, అంటే ఊటీ కన్నా కాస్త పైన కూర్చున్నట్టు లెక్క. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త విమానాల్లో దీన్ని 6,000 అడుగుల దగ్గరే ఉంచుతారు. మన విశాఖ వాళ్లం సముద్ర మట్టంలో బతికేవాళ్లం. ఇక్కడ గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. క్యాబిన్‌లో 8,000 అడుగుల లెక్కన అది 565 దగ్గరికి పడిపోతుంది.

ఒత్తిడి తగ్గితే ఎక్కడో ఇరుక్కున్న గాలి వ్యాకోచిస్తుంది. అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే బ్యాగులో చిప్స్ ప్యాకెట్ ఉబ్బిపోవడం మీరు చూసే ఉంటారు. విమానంలో ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది, దాదాపు మూడో వంతు. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య 300 మిల్లీలీటర్ల గాలి మిగిలిపోయి ఉంటే పైన అది 400 అవుతుంది. ఊపిరితిత్తి లోపలి గాలికి శ్వాసనాళం దారి ఉంది, బయటికి పోతుంది. బయట పొరల మధ్య చిక్కుకున్న గాలికి దారి లేదు. అది పెరిగి ఊపిరితిత్తిని నొక్కుతుంది. కన్నం ఇంకా మానకపోతే, ఊపిరి తీసుకున్నప్పుడల్లా గాలి అక్కడికి చేరి, తిరిగి రాలేక గుండెనీ పెద్ద రక్తనాళాలనీ పక్కకి నెట్టేస్తుంది. దీన్ని టెన్షన్ న్యుమోథొరాక్స్ అంటారు. వార్డులోనైతే డాక్టర్ వెంటనే లావుపాటి సూది గుచ్చి గాలి తీసేస్తారు, తర్వాత ట్యూబ్ వేస్తారు. ఆకాశంలో అలాంటి ఏర్పాటు ఉండదు.

అందుకే ఊపిరితిత్తి చుట్టూ గాలి మిగిలి ఉందని తెలిసి విమానం ఎక్కకూడదు. కాస్తే ఉంది, ఆయాసం లేదు, నడవగలుగుతున్నాను అన్న మాటలు ఇక్కడ పనికిరావు. ట్యూబ్‌కి గాలిని బయటికి మాత్రమే పోనిచ్చే వాల్వ్ తగిలించి, డాక్టర్‌ని వెంటపెట్టుకుని పేషెంటుని తరలించడం ఉంది. అది వైద్య బృందం బాధ్యత తీసుకుని చేసే పని, మనం సొంతంగా టికెట్ కొనుక్కుని చేసేది కాదు.

ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి

నేను అందరికీ చెప్పేది, చెబుతూనే ఉండేది ఇదే. కొందరు ఆపరేషన్ రోజు నుంచి లెక్కపెడతారు. కొందరు ట్యూబ్ తీసిన రోజు నుంచి, ఎక్కువ మంది డిశ్చార్జ్ రోజు నుంచి. ఈ మూడూ తప్పే. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని, బయట గాలి ఏమీ లేదని ఎక్స్‌రే చూసి డాక్టర్ రాసిన రోజుని మొదటి రోజుగా పెట్టుకోవాలి.

ఆ రోజు నుంచి కనీసం 7 రోజులు ఆగాలని బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ చెబుతుంది. అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ వైద్య మార్గదర్శకాలదీ ఇదే లెక్క. దెబ్బ తగలడం వల్ల, అంటే బైక్ యాక్సిడెంట్‌లో పక్కటెముక విరిగో, కత్తిపోటు వల్లో, ఊపిరితిత్తి కొలాప్స్ అయితే 14 రోజులు. ఇవి కనీసం ఆగాల్సిన రోజులు. కొందరు డాక్టర్లు అందరికీ రెండు మూడు వారాలని చెబుతారు. మీ డాక్టర్ ఎక్కువ రోజులు చెబితే ఆయన మాటే వినండి. "నెట్‌లో వారమే అన్నారు" అని బేరం పెట్టకండి.

ట్యూబ్ వేయకుండా, "కాస్తే గాలి ఉంది, దానంతటదే తగ్గుతుంది" అని ఇంటికి పంపినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ గాలి శరీరంలోకి ఇంకిపోవడానికి చాలా టైమ్ పడుతుంది. ఆ పక్క ఛాతీలో ఉన్న చోటు లెక్కన చూస్తే రోజుకి ఒకటి రెండు శాతమే తగ్గుతుంది. పావు భాగం గాలి ఉంటే పూర్తిగా పోవడానికి రెండు మూడు వారాలు. ఆ తర్వాత ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే తర్వాత 7 రోజులు. ఈ వరుస తెలియక పెళ్లి ముహూర్తాలకి, ఇంటర్వ్యూలకి ముందే టికెట్లు తీసుకుని, తర్వాత డబ్బు పోతుందని బాధపడినవాళ్లని చాలామందిని చూశాను. ఎక్స్‌రే రిపోర్టు చేతికి వచ్చాకే టికెట్ బుక్ చేయండి. ముందే కొనక తప్పకపోతే, తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనండి.

ఎక్స్‌రే ఎలా తీయించాలో కూడా చెప్పాలి. వార్డులో మంచం మీద పడుకోబెట్టి తీసిన పోర్టబుల్ ఫిల్మ్ మీద ఆధారపడకండి. పడుకున్నప్పుడు గాలి ఛాతీ ముందు భాగానికి పరుచుకుంటుంది, కొంచెం గాలైతే ఫిల్మ్‌లో దొరక్కపోవచ్చు. నిలబెట్టి, ఊపిరి నిండా పీల్చి బిగబట్టమని తీసిన ఫిల్మ్ కావాలి. రేడియాలజీలో చీటీ ఇచ్చేటప్పుడే "న్యుమోథొరాక్స్ తర్వాత, విమాన ప్రయాణం కోసం" అని రాయించండి. అది చదివిన రేడియాలజిస్ట్ ఊపిరితిత్తి పైకొసని ప్రత్యేకంగా చూస్తారు. మిగిలిన గాలి ఎక్కువగా దాక్కునేది అక్కడే. ఊపిరితిత్తిలో గాలి నిండిన పెద్ద బుడగల్లాంటి సంచులు ఉన్నవాళ్లకి, సీఓపీడీ అనే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి, ఎక్స్‌రేలో బుడగేదో బయటి గాలేదో తేల్చడం కష్టం. అలాంటప్పుడు డాక్టర్ సీటీ స్కాన్ అంటే ఖర్చు పెంచుతున్నారని అనుకోకండి, ఆ అనుమానం తీర్చేది సీటీయే.

ఆపరేషన్ అయితే

మావాడికి చేసిన కీహోల్ ఆపరేషన్ పేరు వ్యాట్స్. మూడు చిన్న కన్నాలు పెట్టి, కెమెరా పంపి, ఊపిరితిత్తి పైన ఉన్న బుడగల్ని స్టేప్లర్‌తో కత్తిరించి తీసేశారు. తర్వాత ఊపిరితిత్తి ఛాతీ గోడకి అతుక్కునేలా పొరని గీరారు. కొందరికి టాల్క్ పొడి వేస్తారు, కొందరికి పొరనే కొంత ఒలిచేస్తారు. ఈ అతికించడాన్ని ప్లూరోడెసిస్ అంటారు. ఇది ఎందుకు ముఖ్యమంటే, మొదటిసారి కొలాప్స్ అయ్యి ట్యూబ్‌తోనే తగ్గినవాళ్లలో సుమారు మూడో వంతు మందికి మళ్లీ వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి ఏడాదిలో. బుడగలు తీసి అతికిస్తే మళ్లీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. అందుకే ఓడల మీద, విమానాల్లో పనిచేసేవాళ్లకి డాక్టర్లు మొదటిసారికే ఆపరేషన్ గురించి ఆలోచించమంటారు.

ఆపరేషన్ అయింది కదా, ఇక బలంగా ఉంది, వెంటనే ఎగరొచ్చు అని మావాడి వాదన. ఆపరేషన్ భవిష్యత్తులో మళ్లీ రాకుండా కాపాడుతుంది. కోసి కుట్టిన చోటు మానడానికి మాత్రం టైమ్ ఇవ్వాల్సిందే. స్టేపుల్స్ పక్క నుంచి సన్నగా గాలి లీకవుతూ ఉండొచ్చు. మెడ దగ్గర, చంక కింద చర్మం నొక్కితే కరకరమంటుంటే గాలి చర్మం కిందికి చేరిందని అర్థం. ప్రయాణం మాట పక్కనబెట్టి ముందు ఆస్పత్రికి వెళ్లాలి. ఐఏటీఏ మార్గదర్శకాల ప్రకారం ఛాతీ ఆపరేషన్ జరిగిన 10 రోజుల లోపు ప్రయాణమంటే ఎయిర్‌లైన్ వైద్య విభాగం కేసు పరిశీలించాలి. ఏ ఇబ్బందీ లేకుండా కోలుకున్నవాళ్లకి 11వ రోజు నుంచి ఒప్పుకుంటారు. ఈ లెక్కా, ఎక్స్‌రే తర్వాతి 7 రోజుల లెక్కా, రెండూ పూర్తి కావాలి. ఏది ఆలస్యమైతే దాని ప్రకారం వెళ్లాలి.

క్యాన్సర్‌కో, టీబీ వల్ల పాడైన భాగానికో ఊపిరితిత్తిలో ఒక లోబ్, అంటే ఒక పెద్ద భాగం, తీసేసినవాళ్లది వేరే సంగతి. తీసేసిన చోట ఖాళీ మిగులుతుంది. మిగతా ఊపిరితిత్తి పెరిగి దాన్ని కొంత ఆక్రమిస్తుంది, కొంత నీరు చేరుతుంది, కొంత గాలి కొన్ని వారాల పాటు ఉండిపోవచ్చు. వీళ్లకి "ఎక్స్‌రేలో గాలి ఉంది" అన్న ఒక్క మాటతో తేలదు. ఆ ఎక్స్‌రేని పాత ఎక్స్‌రేలతో పక్కపక్కన పెట్టి సర్జనే చెప్పాలి. పాత ఫిల్ములు, సీడీలు పారేయకండి అని నేను వార్డులో మొత్తుకునేది అందుకే. ఒక ఊపిరితిత్తి మొత్తం తీసేసినవాళ్లు సర్జన్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా విమానం గురించి ఆలోచించనేకూడదు.

ఆడవాళ్లకి ఒక మాట. నెలసరి రోజుల్లోనే, లేదా దానికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ, ఇలా రెండోసారి వస్తే ఛాతీ డాక్టర్‌కి ఆ సంగతి తప్పకుండా చెప్పండి. గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం ఊపిరితిత్తి పొరల మీద పెరగడం వల్ల కొందరిలో అలా అవుతుంది. సిగ్గుపడి చెప్పకపోతే కారణం బయటపడదు, ప్రయాణంలో మళ్లీ రావచ్చు.

ఆక్సిజన్ సరిపోతుందా

మావాడి లాంటి కుర్రాళ్లకి మిగతా ఊపిరితిత్తి బాగానే ఉంటుంది కాబట్టి ఈ భాగం త్వరగా దాటొచ్చు. టీబీ వచ్చి తగ్గినవాళ్లు, సీఓపీడీ ఉన్నవాళ్లు, లోబ్ తీయించుకున్నవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. క్యాబిన్‌లో పీల్చే గాలి, నేల మీద 21 శాతానికి బదులు 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో సమానం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 90, 94 మధ్యకి దిగుతుంది. ఇంట్లో కూర్చుని 93 చూపిస్తున్న పెద్దాయనకి పైన ఎంతకి దిగుతుందో ఊహించండి.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. చదును నేల మీద మామూలు వేగంతో 50 మీటర్లు ఆగకుండా నడవండి. మధ్యలో ఆగాల్సి వచ్చినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా డాక్టర్‌కి చెప్పకుండా టికెట్ కొనకండి. నడవగలిగితే అంతా బాగుందని దీనితోనే తేల్చుకోకండి. అనుమానం ఉన్నవాళ్లకి హైపాక్సిక్ ఛాలెంజ్ టెస్ట్ అని ఉంది: పెద్ద పల్మనరీ ల్యాబుల్లో 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిని 20 నిమిషాలు పీల్పించి రక్తంలో ఆక్సిజన్ చూస్తారు. సాచురేషన్ 85 కన్నా కిందికి వెళ్తే విమానంలో ఆక్సిజన్ కావాలి, సాధారణంగా నిమిషానికి 2 లీటర్లు.

ఇంట్లో వాడే ఆక్సిజన్ సిలిండర్ విమానంలోకి తీసుకెళ్లనివ్వరు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే, బ్యాటరీతో నడిచే చిన్న పోర్టబుల్ కాన్సన్‌ట్రేటర్‌ని ముందుగా అనుమతి తీసుకుంటే ఒప్పుకుంటారు. బ్యాటరీలు ప్రయాణ సమయానికి కనీసం ఒకటిన్నర రెట్లు వచ్చేలా ఉండాలి, ఫ్లైట్ ఆలస్యం కావచ్చు కదా. అదనపు బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్ ఇన్ లగేజీలో వేయకూడదు.

కాగితాలు

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు. దాంట్లో "పేషెంట్ నిలకడగా ఉన్నారు" అని ఉంటుంది, విమానం మాట ఉండదు. మీకు తెలిసినాయన ఒకరు కౌంటర్ దగ్గర "నాకు ఈ మధ్యే లంగ్ ఆపరేషన్ అయింది, వీల్‌చైర్ ఇవ్వండి" అని అడిగారనుకోండి. వెంటనే వాళ్లు సర్టిఫికెట్ అడుగుతారు. లేదంటే ఎక్కనివ్వకపోవచ్చు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. ఈ ఇబ్బందికి భయపడి ఆపరేషన్ సంగతి దాచేసేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పైన ఏదైనా అయితే సిబ్బందికి మీ సంగతి తెలిసి ఉండటమే మీకు రక్ష.

డాక్టర్ దగ్గర రెండు పనులు చేయించుకోండి. ఒకటి, ఫిట్ టు ఫ్లై సర్టిఫికెట్. దాంట్లో జబ్బు పేరు, చేసిన ఆపరేషన్, దాని తేదీ, ట్యూబ్ తీసిన తేదీ, ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నట్టు చూపిన ఎక్స్‌రే తేదీ, గది గాలిలో సాచురేషన్, ఏ తేదీ నుంచి ప్రయాణం చేయవచ్చో స్పష్టంగా ఉండాలి. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్ర ఉండాలి. ప్రయాణానికి మరీ ముందు తీసుకున్న సర్టిఫికెట్‌ని ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు, ఎన్ని రోజుల లోపుది కావాలో వాళ్ల కాల్ సెంటర్‌ని అడగండి. రెండోది మెడిఫ్ ఫారం, అంటే ఎయిర్‌లైన్‌కి మీ ఆరోగ్య వివరాలు తెలిపే కాగితం. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఒక భాగం మీరు, ఒక భాగం డాక్టర్ నింపాలి. ఆపరేషన్ ఈ మధ్యే జరిగినా, ఆక్సిజన్ కావాలన్నా ఇది అడుగుతారు. సాధారణంగా రెండు మూడు రోజుల ముందే పంపాలి. ఆదివారాలు, పండగలు చూసుకుని ఇంకా ముందే పంపండి. అనుమతి మెయిల్‌ని ఫోన్‌లోనే ఉంచుకోకుండా ప్రింట్ కూడా తీయించండి.

విదేశాలకి వెళ్లేవాళ్లు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఈ జబ్బు సంగతి రాయాలి. రాయకపోతే అక్కడ మళ్లీ ట్యూబ్ వేయాల్సి వచ్చినప్పుడు క్లెయిమ్ రాకపోవచ్చు. తిరుగు ప్రయాణానికి కూడా అనుమతి తీసుకున్నారో లేదో చూసుకోండి. చాలామంది వెళ్లేదాని గురించే ఆలోచిస్తారు.

ప్రయాణం రోజు

విశాఖ నుంచి వెళ్లేవాళ్లు ఎన్‌ఏడీ జంక్షన్ వైపున్న పాత విమానాశ్రయమా, భోగాపురంలోని కొత్తదా టికెట్ మీద చూసుకోండి. భోగాపురమైతే నగరం నుంచి 40 కిలోమీటర్లకు పైనే. సీట్‌బెల్ట్ కుట్ల మీద ఒరుసుకుంటే చాలా నొప్పి వస్తుంది. చిన్న దిండో, మెత్తటి తువ్వాలో మడిచి బెల్ట్‌కీ ఛాతీకీ మధ్య పెట్టుకోండి. కారులోనూ ఇది పనికొస్తుంది. దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా అదే దిండుని కుట్ల మీద నొక్కి పట్టుకోండి.

వీల్‌చైర్ టికెట్‌తో పాటే అడగండి. మెట్లెక్కలేనని కూడా చెప్పండి. ఏరోబ్రిడ్జ్ లేకుండా బస్సులో తీసుకెళ్లి మెట్లెక్కించే సందర్భాలుంటాయి, చిన్న ఏటీఆర్ విమానాలకైతే మెట్లే. నడవగలిగేవాళ్లు వీల్‌చైర్ ఎందుకని మొహమాటపడతారు. పొడవాటి క్యూలో అరగంట నిలబడటం, ట్రే ఎత్తడం, మెట్లెక్కడం కలిస్తే ఆపరేషన్ అయిన మనిషికి ఎక్కువే.

సంచిని పైన లగేజీ అరలో మీరే పెట్టకండి. చేతులు తల మీదికి ఎత్తి బరువు నెట్టడం కుట్లకి మంచిది కాదు. సిబ్బందినో పక్కనున్నవాళ్లనో "బాబూ, ఆపరేషన్ అయింది, కాస్త పెట్టవా" అని అడగండి, ఎవరూ కాదనరు. నడవా పక్క సీటు తీసుకోండి. నొప్పి మాత్రలు, ఇన్‌హేలర్, కాగితాల ఫైలు చేతి సంచిలో ఉండాలి. నొప్పి మాత్ర డాక్టర్ చెప్పిన వేళకి వేసుకోండి. నొప్పి భయంతో ఊపిరి సగం సగం తీసుకుంటే ఊపిరితిత్తి అడుగు భాగం సరిగ్గా విచ్చుకోదు. వార్డులో ఇచ్చిన మూడు బంతుల స్పైరోమీటర్‌తో ఇంట్లో చేసే వ్యాయామం ప్రయాణం రోజు ఉదయం కూడా చేయండి.

ఎక్కే ముందు కూల్ డ్రింకులు, సోడాలు తాగకండి, కడుపు నిండా తినకండి. పొట్టలోని గ్యాస్ కూడా పైన వ్యాకోచిస్తుంది, ఉబ్బి డయాఫ్రమ్‌ని, అంటే పొట్టకీ ఛాతీకీ మధ్య ఉన్న కండరాన్ని, పైకి నెడితే ఆయాసంగా ఉంటుంది. నీళ్లు తాగుతూ ఉండండి. ఆపరేషన్ తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ. నాలుగు గంటలు దాటిన ప్రయాణమైతే గంటకోసారి లేచి నడవండి, కూర్చున్నప్పుడు మడమలు, వేళ్లు పైకీ కిందికీ ఆడించండి. గడ్డకట్టకుండా బిగుతు మేజోళ్లు, ఇంజెక్షన్ అవసరమా అని సర్జన్‌ని ముందే అడగండి.

పైన నొప్పి వస్తే

కోత పడ్డ చోట మంట, తిమ్మిరి, లాగినట్టు ఉండటం ఆపరేషన్ తర్వాత నెలల తరబడి ఉంటుంది. పక్కటెముకల మధ్య నరాలు కోలుకోవడానికి టైమ్ పడుతుంది. దానికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది వేరే: ఉన్నట్టుండి ఒక పక్క పొడిచినట్టు కొత్త నొప్పి, ఊపిరి తీస్తే ఎక్కువవడం, ఆయాసం నిమిష నిమిషానికి పెరగడం, గుండె దడ, చెమటలు. అది ఆపరేషన్ అయిన పక్కే రావాలని లేదు, రెండో ఊపిరితిత్తిలోనూ బుడగలుండొచ్చు.

అలా అనిపిస్తే దిగేదాకా ఓర్చుకోవద్దు. వెంటనే కాల్ బటన్ నొక్కి "నాకు లంగ్ కొలాప్స్ అయి ఆపరేషన్ జరిగింది, మళ్లీ అలాగే అనిపిస్తోంది" అని ఆ మాటల్లోనే చెప్పండి. ఛాతీ నొప్పి అని మాత్రమే అంటే గుండెపోటు అనుకుంటారు. ఆక్సిజన్ ఇస్తారు, విమానంలో డాక్టర్లెవరైనా ఉన్నారా అని అనౌన్స్ చేస్తారు, పైలట్ దగ్గర్లో దించాలా అని నిర్ణయిస్తారు. ఫైలు వాళ్ల చేతికివ్వండి.

1995లో హాంకాంగ్ నుంచి లండన్ వెళ్తున్న విమానంలో జరిగిన సంగతి వైద్యులందరికీ తెలిసిందే. విమానాశ్రయానికి వస్తూ బైక్ మీంచి పడిన ఒకావిడ, చేతికి దెబ్బే కదా అనుకుని ఎక్కేశారు. పైకెళ్లాక ఊపిరి ఆడలేదు, టెన్షన్ న్యుమోథొరాక్స్. విమానంలో ఉన్న ఆర్థోపెడిక్ సర్జన్ ఆంగస్ వాలెస్, మరో డాక్టర్ టామ్ వాంగ్‌తో కలిసి మూత్రానికి వేసే క్యాథెటర్‌లో కోట్ హ్యాంగర్ తీగ దూర్చి, బ్రాందీతో శుభ్రం చేసి, నీళ్ల సీసాని బాటిల్‌గా వాడి ఛాతీలోంచి గాలి తీశారు. ఆవిడ బతికారు. ఆ విమానంలో ఆ చేయి తిరిగిన డాక్టర్లు ఉండటం ఆవిడ అదృష్టం. హైవే మీద బైక్ పడి ఛాతీకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా ఎక్స్‌రే తీయించకుండా ఫ్లైట్ ఎక్కవద్దని నేను చెప్పేది ఇందుకే.

ఆగలేకపోతే రైలు

మావాడు చివరికి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వెళ్లాడు, డాక్టర్‌ని అడిగాకే. రైల్లో ఒత్తిడి సమస్య ఉండదు. లోయర్ బెర్త్ తీసుకోవాలి, పైకెక్కడానికి చేతుల మీద బరువు మోపకూడదు. హైదరాబాద్ వెళ్లేవాళ్లకి వందే భారత్, గోదావరి ఉన్నాయి. ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉంది. బెంగళూరు 3,000 అడుగుల ఎత్తులో ఉంది, అరకు లోయ కూడా దాదాపు అంతే. ఆ ఎత్తుకి ఛాతీలో ఇరుక్కున్న గాలి సుమారు పదో వంతు పెరుగుతుంది. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నవాళ్లకి ఇది లెక్కలోది కాదు. ఇంకా గాలి మిగిలి ఉన్నవాళ్లు మాత్రం అరకు, లంబసింగి ట్రిప్పుకి కూడా డాక్టర్‌ని అడిగే వెళ్లాలి, ఘాట్ మీద ఏదైనా అయితే పెద్దాస్పత్రికి చేరడానికి గంటలు పడుతుంది.

సిగరెట్ మానాలి, పూర్తిగా. గంజాయి ఇంకా ప్రమాదం, గట్టిగా పీల్చి బిగబట్టడం వల్ల బుడగలున్న ఊపిరితిత్తి చిరిగే అవకాశం ఎక్కువ. మన దగ్గర ఈ అలవాటు కుర్రాళ్లలో ఉంది, తల్లిదండ్రులకి తెలియకపోవచ్చు. డాక్టర్‌కి మాత్రం చెప్పండి.

ఆఖరుగా మన రుషికొండ బీచ్‌లో స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోతుకి దిగడం, గురించి. విమానం ఎక్కొచ్చని డాక్టర్ చెప్పారంటే నీళ్లలో కూడా దిగొచ్చని చెప్పినట్టు కాదు. ఒకసారి దానంతటదే ఊపిరితిత్తి కొలాప్స్ అయినవాళ్లు స్కూబా డైవింగ్ చేయకూడదు. 10 మీటర్ల లోతున ఒత్తిడి నేల మీద కన్నా రెట్టింపు. పైకి వచ్చేటప్పుడు ఛాతీలో గాలి రెట్టింపవుతుంది, విమానంలో పెరిగే మూడో వంతు దీని ముందు చిన్నది. రెండు పక్కలా పొరలు ఒలిచే ఆపరేషన్ అయి, సీటీ స్కాన్, ఊపిరితిత్తుల పరీక్షలు బాగున్నాయని డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్ రాసిస్తేనే ఆలోచించాలి. బీచ్‌లో బుకింగ్ దగ్గర ఇచ్చే ఫారంలో ఈ ప్రశ్న ఉంటే నిజం రాయండి, లేకపోయినా మీరే చెప్పండి. స్నేహితులు పిలిచినప్పుడు గట్టు మీద కూర్చోండి. మోకాలి లోతు నీళ్లలో ఆడుకోవడానికి అభ్యంతరం లేదు, కుట్లు పూర్తిగా మానాక.